శేషయ్యకు శాలువా

రాతిమిట్ట,
ఆళ్లగడ్డ మీదుగా,
20-6-1982

అక్క లూదియాకు తమ్ముడు బాలస్వామి వందనాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరదలు ఆదెమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. వాన ఒక పదును పడింది, ఇంకొకటి పడితే కొర్ర విత్తుతాం. మంచి వార్తలు ఇంతటితో అయిపోయాయి. ఇక నా గోడు విను.

బస్సులు ఆగేకాడ శేషయ్య రాళ్లు చెక్కే కొట్టం నీకు తెలుసు కదా. ఆళ్లగడ్డలో పని నేర్చుకుని వచ్చి ముప్పై ఏళ్లుగా అక్కడే రోళ్లు, గడపరాళ్లు, దేవుళ్లు చెక్కుతున్నాడు. కొట్టం ముందర ఒక నల్లరాతి పలక నిలబెట్టి, పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో ఒక మాట రాస్తాడు. నంద్యాల బస్సు వాళ్లూ, ఆళ్లగడ్డ బస్సు వాళ్లూ కిటికీల్లోంచి మెడలు చాపి చదువుతారు. నేను సర్పంచినై ఏడాదైంది. ఈ ఏడాదిలో ఆ పలక మీద నా పేరు ఎక్కినన్ని సార్లు ఇంకెవరి పేరూ ఎక్కలేదు.

మొన్న రాసింది ఇది: "సర్పంచి ఇంటి ముందర కొళాయికి నీళ్లు. బడి ముందర కొళాయికి గాలి." కండక్టరు దాన్ని గొంతెత్తి చదివాడు. బస్సంతా నవ్వింది. ముందు సీట్లో సమితి ఆఫీసు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేనే.

అక్కా, మన పేట నుంచి సర్పంచి అయిన మొదటివాణ్ణి నేను. నన్ను చూసి నలుగురు నవ్వితే "వీళ్లకు పెత్తనమిస్తే ఇట్లే ఉంటాది" అంటారు. ఆ మాట పడకూడదనే నా తాపత్రయమంతా. శేషయ్య మనసులో కూడా ఆ గిట్టనితనమే ఉందేమోనని నా అనుమానం.

ఇంకొక పని. పేటలో పెద్దవాళ్లకు సాయంత్రం పూట అక్షరాలు నేర్పుతున్నాం. సుద్దముక్కలు లేక బొగ్గుతో దిద్దుతున్నారు. నువ్వు టీచరమ్మవు, ఏవి మంచివో నీకే తెలుసు. నాలుగు పెట్టెలు పంపు. సామ్యేలు బావకు వందనాలు చెప్పు.

నీ తమ్ముడు,
బాలస్వామి

నంద్యాల,
27-6-1982

చిరంజీవి బాలస్వామికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒక్క సంగతి కోసమే వెతికాను. బడి కొళాయిలో నీళ్లు వస్తున్నాయా, రావడం లేదా? బస్సు నవ్విందని రాశావు, కండక్టరు గొంతు గురించి రాశావు, అది మాత్రం రాయలేదు. నా క్లాసులో పిల్లలు కూడా జవాబు తెలియనప్పుడు ఇట్లాగే పేజీ నింపుతారు.

ఊళ్లో తప్పు పట్టేవాడు ఇంట్లో చీపురు లాంటివాడు. చీపురును ఎవరూ నట్టింట్లో పెట్టరు, తలుపు మూలనే ఉంచుతారు. అది లేని ఇంట్లో రెండు రోజులు ఉండి చూడు, తెలుస్తుంది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడికి ఒళ్లు మండటం సహజమే. మండినా సరే, ముందు ఆ మాట నిజమా అని చూసుకోవాలి. నిజమైతే సరిదిద్దుకో. అబద్ధమైతే నవ్వి ఊరుకో. నేనైతే ఎవరేమన్నా సంతోషంగా వింటాను.

ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. మీ బావ నవారు మంచం బయట వేసుకుని ఊరందరి రాజకీయం మాట్లాడుతున్నాడు. సుద్దముక్కలు నాలుగు పెట్టెలు మూట కట్టి ఈ ఉదయం బస్సు కండక్టరు చేతికిచ్చాను. మూట మీద నా చేతి రాతతో నీ పేరు పెద్దగా రాశాను.

మీ అక్క,
లూదియా

రాతిమిట్ట,
8-7-1982

అక్కకు వందనాలు.

సుద్దముక్కలు రాలేదు. కండక్టరును అడిగితే "ఎప్పుడో దించినాలేప్పా" అని రైట్ చెప్పి పోయాడు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా. బడి కొళాయిలో నీళ్లు రావడం లేదు. బడి మిట్ట మీద ఉంది, నీళ్లు ఎక్కవు. మా ఇల్లు ట్యాంకు పక్కనే ఉంది, పైపు మొదట్లోనే కొళాయి పెట్టించమని ఆదెమ్మ పట్టుబట్టింది. మోకాలి నొప్పి మనిషి, ఎట్లా కాదనేది? మోటారు వేసే పనికి ఆమె తమ్ముడు ఏసయ్యను పెట్టడం కూడా శేషయ్య పలకకెక్కించాడు. "మోటారు బామ్మర్దికి, కొళాయి పెండ్లానికి, తిట్లు సర్పంచికి" అట. చదివి ఆదెమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, రాసింది నేనైనట్టు.

అతను రాసేవన్నీ నిజాలు కావు. ట్యాంకు ఒక పక్కకు ఒరిగిందని రాశాడొకసారి. మేస్త్రీని పిలిచి తూకం గుండు వేయించి చూపించాను, నిటారుగా ఉంది. మరుసటి రోజు "నిన్న రాసింది తప్పు. ట్యాంకు నిటారుగానే ఉండాది" అని రాసుకున్నాడనుకో. అది వేరే సంగతి.

ఇక ఓపిక పట్టలేను. ఆ కొట్టం రోడ్డు పోరంబోకులో ఉంది. పదిహేను రోజుల్లో తీసెయ్యమని నోటీసు ఇప్పించాను. చట్ట ప్రకారమే.

ఎవరేమన్నా సంతోషంగా వింటానని రాశావు. పోయిన క్రిస్మస్‌కు నువ్వు వేయించిన నాటకంలో గొల్లలు పన్నెండు మంది, గొర్రె ఒక్కటే అని పాదిరిగారి భార్య శాంతమ్మగారు అన్నందుకు ఈస్టరు దాకా ఆమెతో మాట్లాడనిది ఎవరక్కా?

బాలస్వామి

నంద్యాల,
16-7-1982

బాలస్వామికి,

ఆ నాటకం సంగతి వేరు. పన్నెండు మంది టీచర్ల పిల్లలూ వేషం కావాలని ఏడిస్తే నేనేం చెయ్యను? గొర్రె వేషానికి ఒక్కడు తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. శాంతమ్మగారికి అదేం తెలుసు? ఆమె ఒకసారి నాటకం వేయించి చూపమను.

మీ బావ ఇది నా భుజం మీదుగా చదివి, నాకు గొర్రెలు తక్కువ, మా తమ్ముడికి నీళ్లు తక్కువ, ఇద్దరికీ ఓపిక తక్కువ అన్నాడు. ఆయనకు ఈ పూట కాఫీ లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. శేషయ్యకు మనమంటే గిట్టదని అనుమానపడ్డావు. ఆ పలకకు కుడివైపు పైమూల విరిగి ఉంటుంది, చూశావా? అప్పటికి నువ్వు నిక్కర్ల పిల్లోడివి. నేను ఎనిమిదో తరగతి. ఊరి చెరువు పని చెయ్యకుండానే చేసినట్టు చూపించారని శేషయ్య రాస్తే, నాటి సర్పంచి, వంద ఎకరాల ఆసామి, మనుషుల్ని పంపి గడ్డపారతో పొడిపించాడు. పలక మూల విరిగింది. మరుసటి పొద్దున మిగిలిన చోట చిన్న అక్షరాలతో మళ్లీ అదే మాట రాశాడు. నాయన నన్ను భుజానెత్తుకోలేక గట్టు మీద నిలబెట్టి చదివించుకున్నాడు. ఆయనకు చదువు రాదు కదా.

అంటే శేషయ్య కుర్చీనే చూస్తాడు తమ్ముడూ, దాంట్లో కూర్చున్నదెవరని చూడడు. ఆ ఆసామి గడ్డపార పంపాడు. నువ్వు నోటీసు పంపావు. ఇద్దరికీ తేడా ఏమిటో నువ్వే చెప్పు.

నోటీసు వెనక్కి తీసుకో. నలుగురి ముందర అతనికి మర్యాద చెయ్యి. దాంతో అంతా సర్దుకుంటుంది.

మీ అక్క

రాతిమిట్ట,
18-8-1982

అక్కకు కోటి వందనాలు.

నీ బుర్రకు దండం పెట్టాలి. నువ్వు చెప్పినట్టే చేశాను, బ్రహ్మాండంగా పనిచేసింది.

నోటీసు చించేశాను. బడి కొళాయికి ట్యాంకు నుంచి నేరుగా వేరే పైపు వేయించాను, నీళ్లు ఎక్కుతున్నాయి. ఆగస్టు పదిహేనున బడి దగ్గర జెండా ఎగరేశాక శేషయ్యను స్టేజీ మీదికి పిలిపించాను. రానంటే ఇద్దరు మనుషుల్ని పంపి పిలిపించాను. ఆళ్లగడ్డ నుంచి తెప్పించిన ఆకుపచ్చ శాలువా, జరీ అంచుది, కప్పాను. పూలదండ వేశాను. "ఊరి మేలు కోరే విమర్శకులు" అని మైకులో పొగిడాను. హెడ్మాస్టరు పద్యం చదివాడు. శేషయ్య ఏదో చెప్పబోయి, రాళ్లపొడి పట్టిన చేతులు శాలువా కింద దాచుకుని దిగిపోయాడు.

ఈ రోజుకు మూడు రోజులు. పలక మీద ఒక్క అక్షరం లేదు. నల్లగా నిగనిగలాడుతోంది. బస్సు దిగి దర్జాగా నడిచి వస్తున్నాను. అన్నం రుచిగా ఉంది. ఆదెమ్మ నాకు ఒళ్లొచ్చిందంటోంది.

పెద్దల బడికి సుద్దముక్కలు ఇంకా రాలేదు. నువ్వు మళ్లీ పంపాలేమో.

నీ ప్రియ తమ్ముడు,
బాలస్వామి

నంద్యాల,
26-8-1982

బాలస్వామీ,

శాలువా కప్పమని నేనెప్పుడు రాశాను?

నలుగురి ముందర మర్యాద చెయ్యమంటే, నలుగురూ ఉన్నప్పుడు అతని కొట్టం దగ్గరికి పోయి "అన్నా, బడి కొళాయి మాట నిజమే" అని ఒప్పుకోమని. అంతే. దానికి దండ, మైకు, పద్యం, జరీ అంచు ఎందుకు? నీ చేత్తో శాలువా కప్పించుకున్న మనిషి మరుసటి పొద్దున నీ మీద ఎట్లా రాస్తాడు? రాస్తే కప్పించుకున్న కృతజ్ఞత లేదంటారు. రాయకపోతే అమ్ముడుపోయాడంటారు. పాపం, ఎటు కదలడానికీ లేకుండా చేశావు.

మీ బావ మొన్న పని మీద ఆళ్లగడ్డ పోయి వచ్చాడు. మీ ఊళ్లో బస్సు ఆగగానే అందరూ కిటికీల్లోంచి మెడలు చాపి, ఏమీ లేకపోయేసరికి ముడుచుకున్నారట. ఎవరో "శాలువాకే పాయె మనిషి" అన్నారట. శేషయ్య వినీ విననట్టు రోడ్డుకు వీపు పెట్టి రోలు చెక్కుతున్నాడని చెప్పి మీ బావ బాధపడ్డాడు. ఆయన దేనికీ బాధపడడని నీకు తెలుసు.

నీకు పొగడ్త బాగా అరుగుతున్నట్టుంది. ఒంటికి మంచిది కాదు.

లూదియా

రాతిమిట్ట,
20-9-1982

అక్కకు,

ఇన్నాళ్లూ నేను వెర్రివాణ్ణి. ఈ రోజు కళ్లు తెరుచుకున్నాయి.

వాన పడుతుంటే శేషయ్య కొట్టంలోకి తలదాచుకోను పోయాను. అతను లేడు. మూల గూట్లో సుద్దముక్కల మూట ఉంది. దాని మీద నీ చేతిరాత. నేను గుర్తుపట్టనా? పలకల మీద నా చెయ్యి పట్టి దిద్దించిన రాత అది. ఒక పెట్టె విప్పి వాడి ఉంది.

అంటే నా మీద రాసే సుద్ద నా అక్క పంపుతోందన్నమాట. అందుకే చీపురు, గడ్డపార అని నీతులు చెప్పావు. పెద్దల బడికి అడిగిన సుద్ద నాకు రాలేదు, అతనికి మాత్రం చేరింది. శత్రువులు ఊళ్లో ఉన్నారనుకున్నాను, నంద్యాలలో ఉన్నారని తెలియలేదు.

ఆదెమ్మ నీకు రాయొద్దంది. అయినా రాస్తున్నాను.

బాలస్వామి

నంద్యాల,
28-9-1982

బాలస్వామికి,

మూట మీద నా చేతిరాత గుర్తుపట్టావు. ఆ చేతిరాతతో ఏం రాసి ఉందో చదివావా? నీ పేరే రాసి ఉంది.

చాలా బాధ కలిగింది. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. ఆ రోజు నుంచి ఎవరు నిన్ను ఏమన్నా ముందు నేనే గొడవకు పోయాను. నువ్వు సర్పంచివైనావని తెలిసిన రోజు స్టాఫు రూములో అందరికీ బెల్లం పంచి, ఒక మూలకు పోయి ఏడ్చాను. నీ మీద రాయించడానికి నేను సుద్ద కొంటానా?

మూట అక్కడికి ఎట్లా పోయిందో నాకు తెలియదు. అడగవలసిన మనిషి నీకు కూతవేటు దూరంలో ఉన్నాడు. పోయి అడుగు. అడిగేదాకా నాకు ఉత్తరం రాయకు. నేనూ రాయను.

లూదియా

రాతిమిట్ట,
14-12-1982

అక్క లూదియా పాదాలకు తమ్ముడు బాలస్వామి వందనాలు.

అడగడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. ముందు క్షమాపణ చెప్పుకుని తర్వాత కథ చెబుతాను. తప్పు నాదే అక్కా.

మొన్న ఆదివారం పొద్దున ప్రార్థనకు గుడికి పోదామని మొహం కడుక్కుంటున్నాను. మా కొళాయి నుంచి బిందెలోకి ఒక ఈక వచ్చింది. నల్లది. వెనకనే ఇంకొకటి. పైపు మొదట్లో ఉండే కొళాయి కదా, ఏదొచ్చినా ముందు మాకే వస్తుంది. ట్యాంకెక్కి చూస్తే మూత తీసే ఉంది, లోపల కాకి. అది ఏ నాటిదో నేను రాయను, నువ్వు అన్నం తినాలి.

దేవుని దయ, ఎవరికీ జబ్బు చెయ్యలేదు. ఎందుకంటే నెల రోజులుగా నీళ్లు వాసనొస్తున్నాయని ఊరందరూ తాగడానికి బావి నీళ్లే తెచ్చుకుంటున్నారు. నాకు తప్ప అందరికీ తెలుసు. ఆదెమ్మ కూడా బావికే పోతోంది, మోకాలి నొప్పితో. తమ్ముడి మీదికి మాట వస్తుందని నాతో అనలేదు. ఏమయ్యా, ఒక్కరూ నాకు చెప్పలేదేమని రచ్చ దగ్గర అడిగితే, శేషయ్య రాస్తాడులే అనుకున్నాం అన్నారు.

అప్పుడు నాకు తెలిసింది. ఇదివరకు ట్యాంకు కడిగి నెల దాటితే పలక మీద పడేది. నేను కోపంతో ఊగిపోయి ఏసయ్యను తిట్టి కడిగించేవాణ్ణి. శాలువా కప్పాక పలక లేదు, కోపం లేదు, కడగడమూ లేదు. సర్పంచి పని సగం శేషయ్యే చేస్తూ వచ్చాడు, జీతం లేకుండా.

కొట్టానికి పోయాను. అతను కొత్త రాయిని చిన్న సుత్తితో తడుతూ చెవి ఆనించి వింటున్నాడు. నన్ను చూసి కూర్చోమన్నాడు. ఇంతకాలంగా ఎందుకు రాయలేదన్నా అని అడిగాను. గూట్లో మడిచి పెట్టిన శాలువా వైపు చూపించాడు.

"అది కప్పినాక సెయ్యి బయటికి రాలేదప్పా."

నేను తల వంచుకున్నాను. నా మీద ఏమైనా గిట్టనితనం ఉందా అన్నా అని అడిగేశాను, ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నది. అతను సుత్తితో ఆ రాయిని ఒకచోట తట్టాడు. గంట మోగినట్టు మోగింది. పక్కన పారేసిన దాన్ని తట్టాడు. బొదబొదమంది.

"పగులుండే రాయిని ఒగసారి తట్టి ఆడ పారేస్తా. మోగే రాయినే మళ్లా మళ్లా తడతా, యాడన్నా చిన్న పగులు దాంకోనుందేమోనని. నిన్ను ఏడాది తట్టినా. మోగుతాండావనే తట్టినా బాలసామీ."

అక్కా, ఆ స్టేజీ మీద హెడ్మాస్టరు చదివిన పద్యం నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఈ మాట చచ్చేదాకా మర్చిపోను. నాకు కన్నీళ్లు వచ్చాయి, రాళ్లపొడి పడిందని చెప్పాను. అతను నమ్మినట్టు కూర్చున్నాడు.

తర్వాత సుద్దముక్కల సంగతి అడిగాను. బస్సులో వచ్చే మూటలన్నీ కండక్టరు అతని కొట్టంలోనే దించుతాడట, అదీ అట్లాగే దించాడు. నాకు అందించమని ఏసయ్యకు మూడుసార్లు చెప్పాడట. ఏసయ్య మూడుసార్లూ సరేనన్నాడట. ట్యాంకు కడిగావా అని నేను అడిగినప్పుడు అన్నట్టే. ఇన్నాళ్లు కాపలా కాసినందుకు ఒక పెట్టె సుంకం పట్టుకున్నానన్నాడు శేషయ్య. ఆ సుద్దతోనే జూలై అంతా నన్ను తిట్టాడు. కాబట్టి నా అనుమానంలో నాలుగో వంతు నిజం ఉంది, అది నువ్వు ఒప్పుకోవాలి. మిగిలిన మూడు పెట్టెలూ పెద్దల బడికి చేరాయి. నిన్న మన జీవమ్మత్త తన పేరు తానే రాసుకుని, చెరపనివ్వక పలక ఇంటికెత్తుకుపోయింది.

ఇక నిన్న పొద్దున జరిగింది చెప్పి ముగిస్తాను. శాలువాను శేషయ్య నాకు తిరిగిచ్చాడు. చలికాలం, నువ్వే ఉంచుకో అన్నాను. సన్మానానికైతే వద్దు, చలికైతే ఉంచుకుంటానన్నాడు. ట్యాంకు ఎప్పుడు కడిగావని అడిగితే సెప్టెంబరులో కడిగానన్నాడు ఏసయ్య; అతణ్ణి మోటారు పని నుంచి తీసేశాను. ఆదెమ్మ రెండు రోజులుగా మాట్లాడటం లేదు, ఈసారి ఓర్చుకుంటాను. మనుషుల్ని పెట్టి ట్యాంకు కడిగించి, మూతకు తాళం వేయించాను. తర్వాత బస్సుల వేళకు కొట్టం దగ్గరికి పోయి, శేషయ్యను ఒక సుద్దముక్క అడిగి తీసుకుని, ఊరంతా చూస్తుండగా పలక మీద నేనే రాశాను.

"నీళ్ల ట్యాంకు మూడు నెలలు కడగలేదు. తప్పు నాది. సర్పంచి బాలస్వామి."

నంద్యాల బస్సు ఆగింది. మెడలన్నీ బయటికొచ్చాయి. ఎవరూ నవ్వలేదు. కండక్టరు కూడా ఈసారి గొంతెత్తలేదు, మెల్లగా చదువుకున్నాడు. ఏమిటో అక్కా, ఆ రోజు శాలువా కప్పినవాడిగా స్టేజీ మీద నిలబడ్డప్పటి కంటే నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడు శేషయ్య లేచాడు. చలికి శాలువా తలకు చుట్టుకుని ఉన్నాడు. నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, నా రాత కింద తన రాత రాశాడు.

"మూడు కాదు. నాలుగు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏసయ్య చెప్పిన అబద్ధపు తేదీ తీసేసి వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాను అక్కా. నాలుగే.

క్రిస్మస్ నాటకానికి మేమంతా నంద్యాల వస్తున్నాం. గొర్రెల్ని లెక్కపెట్టడానికి శేషయ్యను కూడా తీసుకొస్తున్నాను.

నీ తమ్ముడు,
బాలస్వామి